ముప్పై డిగ్రీల లోపు

ఏప్రిల్ 6

ఈ నెల బాక్సులు వచ్చాయి. వ్యాను మా సందులోకి రాదు. రోడ్డు మీదే దింపేసి వెళ్ళిపోయాడు. నేనూ బావా మోసుకొచ్చి అత్త గదిలో గోడవారన పేర్చాం. ఇప్పుడు ఆ గదిలో మంచం, బాక్సులు. ఇంకేం పట్టదు.

అత్త కిడ్నీలు రెండూ పోయాయి. మావ కూడా ఇదే జబ్బుతో పోయాడు. మా వైపు ఇది కొత్త సంగతి కాదు. రక్తం బయటికి తీసి కడిగే డయాలసిస్ అత్త గుండెకి పడలేదు. రెండుసార్లు బీపీ పడిపోయి కళ్ళు తేలేసింది. అందుకని పొట్టలోకి సన్నటి ట్యూబ్ వేశారు. బ్యాగులో మందునీళ్ళు పొట్టలోకి ఎక్కించాలి. కొన్ని గంటలు ఉంచాలి. ఒంట్లో చెడంతా ఆ నీళ్ళలోకి దిగుతుంది. దించి పారబోసి మళ్ళీ కొత్త బ్యాగు. ఎక్స్ఛేంజ్ అంటారు. నేనే చేస్తాను. నేను షాపులో పనికి వెళ్ళిన పూట బావ చేస్తాడు.

బాక్సు పక్కన ముప్పై డిగ్రీల లోపు నిల్వ చేయాలని రాసి ఉంది. డిసెంబర్లో మొదలుపెట్టాం ఇదంతా. అప్పుడు ఆ మాటతో పని పడలేదు.

షాపు నుంచి థర్మామీటర్ అడిగి తెచ్చి గదిలో మేకుకి తగిలించాను. మధ్యాహ్నం ముప్పై ఎనిమిది చూపించింది.

ఇంకా ఏప్రిల్ మొదలే.

ఏప్రిల్ 9

నేను పనిచేసేది కాశీబుగ్గలో ఇంటి కప్పుల రేకులు అమ్మే షాపులో. బిల్లింగ్. తిత్లీ తుఫానుకి పెంకులు, తాటాకులు ఎగిరిపోయిన ఇళ్ళన్నీ మా షాపు రేకులే వేసుకున్నాయి. మా ఇల్లు కూడా. ముదురు నీలం రంగు. బావకి ఆ రంగు నచ్చింది. దూరం నుంచి బాగానే ఉంటుంది.

కస్టమర్లు వచ్చి అడుగుతారు, ఏ రేకు సల్లగుంటాదమ్మా అని. బ్రోచర్‌లో ఉన్నది చెబుతాను. లేనిది ఈ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఇనప రేకు ఇట్టే కాలుతుంది, ఇట్టే చల్లారుతుంది. సిమెంటు రేకు మెల్లగా కాలి మెల్లగా వదులుతుంది. శ్లాబు పగలంతా మింగి పొద్దుపోయాక మన మీద కక్కుతుంది. ప్లాస్టిక్ రేకు రెండేళ్ళు బాగుంటుంది, తర్వాత గోరుతో గీకితే పొడి రాలుతుంది. ఎండని ఏదీ ఆపదు. కాసేపు పట్టుకుంటుంది, అంతే.

ఆపేది ఒకటుంది. రెండు రేకుల మధ్య నురుగు నింపిన ప్యానెల్. ఆ మాట ఎత్తితే మా ఓనరు నీలకంఠం గారు నవ్వారు. "అయి రొయ్యల కంపెనీలోళ్ళు ఏసుకుంటారమ్మా. రొయ్య పాడైపోద్దని" అన్నారు. నవ్వాక నా మొహం చూసి తల దించుకున్నారు. చెడ్డమనిషి కాదు.

ఏప్రిల్ 13

సెలవు. బావ తన ట్రాలీ ఆటోలో థర్మోకోల్ షీట్లు తెచ్చాడు. అత్త మంచం బయట వేసి, నేను నిచ్చెన పట్టుకుంటే తను రేకుల కిందవైపు టేపుతో అంటించాడు. గది తెల్లగా, కొత్తగా అయిపోయింది. అత్త లోపలికొచ్చి చూసి, "ఏట్రా, నన్ను ఐస్ పెట్టిలో ఎట్టేత్తన్నారేటి? ఇంకా సావలేదురా" అంది.

ముగ్గురం నవ్వాం. సాయంత్రానికి రెండు డిగ్రీలు తగ్గింది. బావ థర్మామీటర్‌ని ఫొటో తీసుకున్నాడు.

ఏప్రిల్ 14

టేపు జిగురు కరిగి జారిపోయింది. మధ్యాహ్నం అన్నం తింటుంటే ఒక్కొక్కటే పడ్డాయి. రేకుని తాకిన చోటల్లా థర్మోకోల్ ముడుచుకుపోయి, అప్పడంలా వంకర తిరిగింది. గదినిండా తెల్ల గుళికలు. తుడిస్తే లేచి ఎగురుతాయి. అవి పోయేదాకా ఎక్స్ఛేంజ్ చేయకూడదు. ఆలస్యమైంది. అత్త కాళ్ళు పొంగాయి.

ఏప్రిల్ 20

ఎక్స్ఛేంజ్ చేసేటప్పుడు తలుపు మూయాలి, కిటికీ మూయాలి. ఫ్యాను ఆపాలి. దుమ్ము లేవకూడదు కాబట్టి. ఇద్దరికీ మాస్కులు. రేకుల కింద అలా కూర్చుంటే చెమట కళ్ళలోకి దిగుతుంది. చేతులు కడిగేశాను కాబట్టి తుడుచుకోకూడదు. అత్త నా మొహంలోకి చూస్తూ ఉంటుంది. మాస్కు మీద నుంచి కళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

చలికాలంలో బ్యాగుని ఒంటి వేడికి తేవడానికి తిప్పలు పడేవాళ్ళం. ఇప్పుడు బాక్సులోంచి తీసేసరికే బ్యాగు వేడి. ప్లాస్టిక్ మెత్తబడి చేతికి అంటుకుంటోంది. ఈ రోజు నీళ్ళు లోపలికి వెళుతుంటే అత్త పళ్ళు బిగించింది. "కడుపులో గంజి పోత్తన్నట్టున్నాదే గుంటా" అంది. క్లిప్పు వేసి ఆపేశాను. చల్లారేదాకా కూర్చున్నాం. ఎక్కడ చల్లారుతుంది? గదే వేడిగా ఉంటే.

ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేశాను. బ్యాగుని నీళ్ళలో ముంచవద్దని, తడి తగిలితే ఇన్ఫెక్షన్ అని చెప్పింది. కూల్ ప్లేస్‌లో పెట్టండమ్మా అంది. మంచిగానే అంది. ఆవిడ మాత్రం ఇంకేం అంటుంది.

ఏప్రిల్ 22

అత్త పుట్టింది మా తాత ఇంట్లో. నాన్నకి అక్క. బావతో నాకు పెళ్ళి కాక ముందే అత్త. నా చిన్నప్పుడు జీడి తోటలో పిక్కలు ఏరుతూ పాము కనబడితే నన్ను చంకనేసుకుని పరిగెత్తిందట. నాకు గుర్తులేదు. ఇప్పుడు బాత్రూంకి తీసుకెళ్ళేటప్పుడు నేను ఎత్తుకుంటున్నాను. బరువు లేదు.

ఎందుకు రాశానో.

ఏప్రిల్ 25

దారి దొరికింది!

అక్కుపల్లి నుంచి అప్పలనరసమ్మ చేపలు తెస్తుంది. అత్త స్నేహితురాలు. అత్త ఇప్పుడు చేప తినకూడదు, అయినా ఆమె వచ్చి కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పి పోతుంది. ఈ రోజు గదిలోకి వచ్చి వెంటనే బయటికి వెళ్ళిపోయింది. "ఓలమ్మో, ఇదేటి బొడ్డమ్మా, పొయ్యిలో కాపరం సేత్తన్నావేటి?" అని అత్తని అడిగింది. తనది సముద్రం ఒడ్డున పాత గుడిసె. మట్టి గోడలు, కొబ్బరాకు కప్పు, కిందికి వాలిన చూరు. తలొంచుకుని దూరాలి. బాక్సులు అక్కడ పెట్టుకోమంది.

బావ థర్మామీటర్ పట్టుకుని వెళ్ళి చూసి ఫోన్ చేశాడు. మిట్ట మధ్యాహ్నం ముప్పై! "ఏసీ లాగుందే" అని అరిచాడు. నేను షాపులోనే ఏడ్చేశాను. నీలకంఠం గారు ఏమైందని అడిగారు. మట్టి గోడ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

మే 1

బావ ఏ పూటకి కావాల్సిన బ్యాగు ఆ పూట గుడిసె నుంచి తెస్తున్నాడు. కొత్త చేపల పెట్టె కొన్నాడు, మందపాటి థర్మోకోల్ది. చేపలు చల్లగా ఉండే పెట్టెలో అత్త మందునీళ్ళు. తెచ్చేసరికి సరిగ్గా ఒంటికి పట్టేలా ఉంటున్నాయి. దిగే నీళ్ళు తేటగా, లేత పసుపుగా ఉంటున్నాయి. కాళ్ళ వాపు తగ్గింది. అత్త నన్ను తిట్టింది, ఉప్పు లేని చారు పోశానని. చాలా రోజులైంది ఆ గొంతు విని.

మే 7

అప్పలనరసమ్మ వచ్చింది. గంప దించలేదు. గుమ్మంలోనే నిలబడింది.

వాళ్ళ కొడుకు కామేశ్‌కి ఇల్లు శాంక్షన్ అయ్యిందట. వానలకి ముందే పునాది పడకపోతే చేజారిపోతుందట. గుడిసె ఉన్న చోటే కట్టాలి, వేరే స్థలం లేదు. శ్లాబు ఇల్లు. ఆమె ముప్పై ఏళ్ళుగా ఆ మాట కోసమే చూస్తోంది. ప్రతి తుఫానుకీ పిల్లల్ని పట్టుకుని షెల్టర్‌కి పరిగెత్తిన మనిషి.

"నానేటి సెయ్యనే పిల్లా" అని నా చేయి పట్టుకుంది.

అత్త లోపల్నుంచి, "ఇల్లు కట్టుకుంటే మంచిదే కదేటి, ఏడుత్తావేటి? గృహప్రవేశానికి నన్నెత్తుకెల్లాల మరి" అంది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? వెతికాను. ఎవరూ దొరకలేదు.

మే 9

బాక్సులు మళ్ళీ అత్త గదికి వచ్చేశాయి. నలభై ఒక్క డిగ్రీలు.

మే 11

కొబ్బరాకు. అదొక్కటే మిగిలింది. తిత్లీకి పడిపోగా ఉన్న చెట్లు తక్కువ, ఎండాకు దొరకడం కష్టం. బావ నందిగాం వైపు నుంచి ఆటో నిండా తెచ్చాడు. రేకుల మీద పరిచి, పాత వలలు కప్పి, రాళ్ళు కట్టాడు. పొద్దున్నే ఎక్కాడు. దిగేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చెప్పులతోనే ఎక్కాడు. చెప్పుల అడుగు మెత్తబడి రేకుకి అంటుకుందట.

నాలుగు డిగ్రీలు తగ్గింది. ఐదు కూడా అనుకోవచ్చు.

అత్త పైకి చూస్తూ పడుకుంది. గలగలమంటోంది ఆకు గాలికి. "మన పాత ఇల్లు వచ్చినట్టున్నాది" అంది.

మే 13

రేకుల సందుల్లోంచి దుమ్ము రాలుతోంది. ఆకు పొడి. చిన్న పురుగులు కూడా. నర్సుకి వీడియో చూపించాను. అది తీసేయండి, లేదా సీలింగ్ లాగా ఏదైనా కట్టండి అంది. చల్లదనం తెచ్చేది మురికి తెస్తుంది. శుభ్రంగా ఉండేది కాలిపోతుంది. మంచం పైన పాలిథిన్ కట్టాం. గాలి ఆడదు. అత్త ఆ కవరు కింద నోరు తెరుచుకుని పడుకుంది.

నీలకంఠం గారు పాత తెల్ల పెయింటు డబ్బా ఇచ్చారు. ఎండని వెనక్కి కొట్టే పెయింటు. డబ్బా తీస్తే అడుగున గట్టిపడిపోయి ఉంది. షాపు గోడౌన్ కూడా రేకులదే.

మే 17

మధ్యాహ్నం నుంచి ఆకాశం నల్లబడింది. నేను షాపులో ఉన్నాను. గాలివాన. కరెంటు పోయింది. బస్సు లేదు. తడుస్తూ షేర్ ఆటోలో వచ్చేసరికి ఆకంతా పక్క చేలో ఉంది. వలలు కరెంటు తీగల మీద వేలాడుతున్నాయి.

అది కాదు అసలు నష్టం. రేకులు బిగించిన మేకుల కింద రబ్బరు వాషర్లు ఉంటాయి. నీళ్ళు దిగకుండా. ఎండకి అవన్నీ బిస్కెట్లలా పగిలిపోయాయి. ప్రతి మేకు దగ్గరా ధార. పాలిథిన్ నిండి పొట్టలా దిగి, చిరిగి, బాక్సుల మీద పడింది. బావ ఒక్కడే అత్తని ముందుగదిలోకి ఎత్తుకెళ్ళి, వెనక్కొచ్చేసరికి అట్టపెట్టెలన్నీ తడిసి కూలిపోయాయి.

బ్యాగులు ఒక్కొక్కటీ తుడిచాం. పై కవరు బాగానే ఉంది అన్నింటికీ. బాగానే ఉన్నట్టుంది. వెలుతురుకి పెట్టి చూశాను. ఏం కనబడుతుంది కంటికి?

ఇవే ఉన్నాయి. వచ్చే నెల దాకా ఇవే.

మే 18

చల్లగా ఉంది ఈ ఒక్క రోజు. అత్త హాయిగా నిద్రపోయింది.

మే 22

దిగిన నీళ్ళు తేటగా లేవు.

కడుగు నీళ్ళలా ఉన్నాయి. బియ్యం కడిగినవి. బ్యాగు వెనక పేపర్ పెట్టి చూశాను. అక్షరాలు కనబడాలి. కనబడలేదు. వేరే పేపర్ పెట్టాను. అత్త "ఏటే?" అంది. ఏం లేదన్నాను. "నాకు తెలుత్తాదిలే" అని గోడవైపు తిరిగింది. ఒళ్ళు కాలిపోతోంది.

మే 24, ఆసుపత్రి

పొట్టలో ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ బ్యాగులోనే కలిపి ఎక్కిస్తున్నారు. డాక్టర్ గారు ట్యూబ్ తీసేస్తే మంచిదే కానీ గుండె ఆ ఆపరేషన్‌కి ఆగదన్నారు. తీసినా తర్వాత చేయాల్సింది రక్తం డయాలసిస్. అదీ ఆగదు.

నేను అడిగాను. వేడికి మందు పాడైందా? ప్లాస్టిక్‌కి కంటికి కనబడని చిల్లు పడిందా? ఆకు దుమ్మా? వాన నీళ్ళా? నా చేతులా? ఆయన విసుక్కోలేదు. అన్నీ విని, ఏదైనా కావచ్చమ్మా, ఏదీ కాకపోనూ వచ్చు, శుభ్రమైన ఏసీ గదిలో చేసేవాళ్ళకి కూడా వస్తుంది అన్నారు.

ఓదార్పు అనుకుని అన్నారు. నా తప్పు అంటే దాన్ని పట్టుకుని ఉండేదాన్ని.

మే 26, ఆసుపత్రి

వార్డులో ఏసీ ఉంది. అత్త వణుకుతోంది. రెండు దుప్పట్లు. "ఈ సలి నానోర్సుకోలేనే. ఇంటికి తోలుకెల్లండి" అంటోంది. నెలన్నరగా ఏ చల్లదనం కోసం తిరిగామో అది ఇక్కడ ఉంది. అత్త అది వద్దంటోంది.

మే 30

నీళ్ళు కొంచెం తేటపడ్డాయని పంపేశారు. మందులు ఇంట్లోనే. ఇంకేమైనా చేయాలా అని బావ అడిగాడు. డాక్టర్ గారు కాసేపు ఫైల్ చూసి, ఆవిడకి ఏది ఇష్టమో చూడండి అన్నారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక బావ స్టార్ట్ చేయలేదు. వెనకాల అత్త నిద్రలో ఉంది.

జూన్ 2

గదిలో పడుకోనంది. "ఆ రేకుకీ నాకూ పడదే గుంటా. అది ఊరుకోదు, నాను ఊరుకోను. తోటలో ఎయ్యి మంచం" అంది.

మా జీడి చెట్లలో ఒకటి కొమ్మలు నేలకి ఆనేలా వంగి ఉంటుంది. దాని కింద నీడ నల్లగా ఉంటుంది. అక్కడ మంచం వేశాం. దుమ్ము, చీమలు, ఆకులు, గాలి. నర్సు వద్దన్నవన్నీ అవే. అక్కడే ఎక్స్ఛేంజ్ చేశాను. మాస్కు వేసుకున్నాను. ఫ్యాను ఆపాల్సిన పని లేదు. గాలిని ఆపడం ఎలాగో నాకు తెలియదు.

థర్మామీటర్ తీసుకెళ్ళలేదు.

జూన్ 3

అప్పలనరసమ్మ వచ్చి పగలంతా మంచం పక్కనే కూర్చుంది. పునాది అయిపోయిందట. గోడలు లేస్తున్నాయట. ప్రస్తుతం వాళ్ళు టార్పాలిన్ కింద ఉంటున్నారు. ఎండకి అది పొలుసులు పొలుసులుగా రాలి అన్నంలో పడుతోందట. నీలం పొలుసులు. "ఏరుకుని తింటన్నాం" అని నవ్వింది. అత్త కూడా నవ్వింది. నవ్వితే పొట్ట నొప్పి. చేత్తో పట్టుకుని మళ్ళీ నవ్వింది.

తర్వాత నన్ను పిలిచి, "నీవు నాకేటి తక్కువ సెయ్యలేదు. మీ బావ మణిదీప్‌గాడు ఏడుత్తాడు, సూసుకో" అంది. సరే అన్నాను. ఇంకేమైనా అని ఉండాల్సింది.

జూన్ 4

అత్త మధ్యాహ్నం పోయింది. తోటలోనే. నేను ఇంట్లోకి నీళ్ళకి వెళ్ళాను. వచ్చేసరికి కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఒళ్ళు వేడిగానే ఉంది. అందుకని చాలాసేపు తెలియలేదు. ఈ ఎండలో ఏదీ త్వరగా చల్లారదు.

జూన్ 5

ఈ రోజుది ఒక్కటే గుర్తుంది. వాపు వల్ల వేలి ఉంగరం ఊడి రాలేదు. సబ్బు రాశారు, నూనె రాశారు. చివరికి వదిలేశారు. అలాగే తీసుకెళ్ళారు.

జూన్ 6

అస్థికలు ఏరి బావ ఇంటికి వచ్చాడు. కుండ బయట చూరుకి కట్టి, నా దగ్గరికి వచ్చి గుప్పిట తెరిచాడు. ఉంగరం కరిగి చింతపిక్కంత వెండి ముద్ద అయిపోయింది. దాని పక్కన ఇంకొకటి. చిటికెన వేలి కణుపంత, మరలు తిరిగిన చిన్న లోహపు గొట్టం.

"ఏటిది? మా అమ్మ ఒంట్లో ఇదెక్కడిది?"

పొట్టలోంచి వచ్చే ట్యూబ్‌నీ బయటి పైపునీ కలిపే ముక్క. టైటానియం. పైపు బిగించి ఉంటుంది కాబట్టి పైకి కనబడదు. ట్యూబ్ లేదు. ఇది ఉంది. మరలు చెక్కుచెదరలేదు. ఒక పక్క మాత్రం నీలంగా రంగు తిరిగింది.

బావ స్నానానికి వెళ్ళాక దాన్ని కడిగాను. లోపల బూడిద ఉందేమోనని నోటికి పెట్టుకుని ఊదాను. గాలి అవతలికి వెళ్ళింది.